ఒకే మాను పలకలు

మొన్న మా అమ్మను వెంటబెట్టుకుని తిరుపతిలో ఒక ఫ్లోరింగ్ షోరూముకి వెళ్ళాను. అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. చలికాలం వస్తే మా ఇంట్లో మార్బుల్ మీద నాలుగడుగులు వేసేసరికి గోడ పట్టుకుని నిలబడిపోతుంది. కనీసం ఆమె గదిలోనూ హాల్లోనూ కొయ్య పరిపిద్దామని నా ఆలోచన. షోరూములో అమ్మాయి మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టి, రెండు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది సాలిడ్ టేకు మేడం. పైనుంచి కింది దాకా ఒకటే కొయ్య. ఇది ఇంజనీర్డ్. పైన అసలు టేకు పొర, కింద ప్లైవుడ్ పొరలు. చూడ్డానికి రెండూ ఒకటే" అంది.

అమ్మ ఆ రెండింటినీ చూసింది గానీ ముట్టుకోలేదు. "మీ మామ ఉండింటే ఈ రెండిట్నీ కొట్టి కొట్టి సూసేవాడు" అంది.

ఆ అమ్మాయికి అర్థం కాక నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మామ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. చిత్తూరు పక్కన ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో రాళ్ళు ఎంచడం ఆయన పని. క్వారీ నుంచి లారీల్లో వచ్చిన దిమ్మెల చుట్టూ తిరిగి, ఏది కొయ్యాలో ఏది వెనక్కి పంపాలో చెప్పేవాడు. ఆ పని ఆయన ఒంటికి ఎంత పట్టిందంటే, ఎవరింటికి వెళ్ళినా గడప దగ్గరే తల దించేసేవాడు. కొత్తవాళ్ళు చూసి ఎంత వినయమో అనుకునేవాళ్ళు. వినయమా పాడా! బండల మధ్య అతుకులు చూస్తున్నాడు. ఇంటివాళ్ళు కాఫీ తెచ్చేలోపు ఒక కన్ను మూసి, వెలుతురుకి ఎదురుగా వంగి, నేల సమంగా ఉందో లేదో కూడా తేల్చేసేవాడు.

నా పెళ్ళి కుదర్చడానికి ముందు పిల్లవాడి ఇల్లు చూసి రమ్మని మామనే పంపారు. తిరిగొచ్చాక అందరూ చుట్టూ చేరి, ఎట్లుండాడు, ఎట్లుండాడు అని ఒకటే అడగడం. మామ తీరిగ్గా మంచినీళ్ళు తాగి, "పిల్లోడు పరవాలేదు. హాల్లో బండలే రెండు బ్లాకులవి. కలవలా" అన్నాడు. ఆ కలవని బండల మీదనే నేను ఇన్నేళ్ళూ కాపురం చేశాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎప్పుడొచ్చినా మామ ఆ అతుకు మీద కాలు పెట్టకుండా దాటి నడిచేవాడు.

చూపుడువేలు మడిచి, కణుపుతో ఏదైనా సరే కొట్టి చూడటం ఆయనకు ఇంకో అలవాటు. రాయి బాగుంటే గంటలాగా మోగుతుందట. లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుందట. పుచ్చకాయ, తలుపు, కుండ, ఆగి ఉన్న బస్సు, మా అన్న బట్టతల, ఏదీ వదిలేవాడు కాదు. చివరికి మనుషుల మాటలకు కూడా ఆయన తీర్పు అదే. నచ్చితే "మోగింది" అనేవాడు. నమ్మకపోతే "మోగలా" అని పెదవి విరిచేవాడు. కొన్నాళ్ళకు మా ఇంట్లో అందరికీ ఆ మాటే అంటుకుంది.

నీళ్ళు పోసి చూడటం మరొకటి. పాలిష్ పట్టని బండ మీద చెంబుతో నీళ్ళు కుమ్మరిస్తే, పాలిష్ పట్టాక ఎట్లా ఉంటుందో ఆ రంగు బయటికి వస్తుంది. కొనవచ్చిన వాళ్ళ ముందు చెంబు ఎత్తి, "ఇప్పుడు సూడప్పా, రాయి ఏం చెప్తాదో" అని నీళ్ళు పోసేటప్పుడు ఆయన ముఖం చూడాలి. పెళ్ళికూతురి ముసుగు తీసేవాడు కూడా అంత మురిసిపోడు.

ఇక సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఆయన సంబరానికి అంతు లేదు. మంచి నల్లరాయి దిమ్మె ఒకటి ఎప్పటి నుంచో కనిపెట్టి ఉంచి, దాన్నే కోయించాడు. ఒక్కో బండ మీద సుద్దముక్కతో నంబరు వేశాడు. దిమ్మెలో ఏ వరసలో ఉన్నాయో నేల మీద కూడా అదే వరసలో పరిపించాడు. గడప నుంచి వంటింటి దాకా ఒకే రాయి పడుకున్నట్టు ఉంటుంది. పైన తిరిగే ఫ్యాను కిందా తిరుగుతుంది. ఆ నేల మీద చాప వేస్తే మామ ఊరుకునేవాడు కాదు. "ఇంత బండ పరిచి, దాని మీద గోనె కప్పుతారా?" అనేవాడు.

ఆ నేల మీద ఎక్కువగా నడిచింది మా అత్త. మామ పొద్దున పోతే సాయంత్రం వచ్చేవాడు. అత్త పొద్దస్తమానం ఆ నల్లరాయి మీదనే. పొట్టి మనిషి, తక్కువ మాట. ఆ తక్కువ మాటలోనే చురక. యాభై దాటాక ఆమెకు కీళ్ళవాతం పట్టుకుంది. పాదాలు ఉబ్బేవి. పొద్దున లేస్తూనే రాయి మీద కాలు పెట్టాలంటే ప్రాణం పోయేది. పాదాల పక్కల మీద, అంచుల మీద నడిచేది. ఇంట్లో మెత్తటి చెప్పులు వేసుకోమని డాక్టరు చెప్పాడు.

"పొయ్యి ముందర చెప్పులేసుకుని నిలబడతానా? నా వల్ల కాదు" అంది అత్త. మా తట్టు ఆడవాళ్ళెవరూ వంటింట్లోకి చెప్పులతో అడుగు పెట్టరు. ఆమె రోజులో ఎక్కువసేపు నిలబడేదేమో అక్కడే. రబ్బరు పట్టా ఒకటి వేసి చూశారు. అద్దంలాంటి ఆ రాయి మీద అది జారి, అత్త పడబోయి గట్టు పట్టుకుంది. మామ ఆ పట్టా తీసి బయట పారేశాడు.

ఒక చలికాలం నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడే జరిగింది. పొద్దున కాఫీ కోసం మామ వంటింట్లోకి వెళ్ళాడు. అత్త పీట మీద నిలబడి ఉంది. కూర్చోవడానికి కాదు, రెండు పాదాలూ పీట మీద పెట్టి, పొయ్యి ముందు నిలబడి సంకటి కెలుకుతోంది. అది వాళ్ళ పెళ్ళి పీటల్లో ఒకటి, పనస చెక్క.

"ఏమే, పీటెక్కినావు? అటక దులుపుతాండావా?" అని మామ వేళాకోళం చేశాడు.

"లేదులే. మీ రాయికంటే ఇది రవంత వెచ్చగా ఉండాది" అంది అత్త, వెనక్కి తిరక్కుండానే.

మామ కాఫీ నిలబడే తాగాడు. తాగుతూ అత్త మడమల వంక చూడటం నేను చూశాను. మధ్యాహ్నం భోజనాలప్పుడు అందరి ముందూ చెప్పేశాడు, ఇల్లంతా కొయ్య పరిపిస్తానని. రాయిని ప్రాణంగా చూసుకున్న మనిషి ఆ మాట అనడం చిన్న విషయం కాదు. అత్త తల దించుకుని అన్నం కలుపుకుంటూ నవ్వింది. అంత బాగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

చుట్టాలకు మాత్రం పండగే పండగ. "రాళ్ళ మామ కొయ్య మామ అయినాడే" అని ఏడిపించారు. మామ పట్టించుకోలేదు. బట్టలకొట్టు వాళ్ళిచ్చిన పసుపు గుడ్డసంచిలో రెండు ముక్కలు వేసుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు. ఒకటి సాలిడ్ టేకు, ఒకటి ఇంజనీర్డ్. పెళ్ళిళ్ళకు వెళ్ళినా ఆ సంచి చంకలోనే. భోజనాలయ్యాక నలుగురిని పోగుచేసి, ముక్కలు నేల మీద పెట్టి, "చెప్పులిడిసి, కండ్లు మూసుకుని ఎక్కప్పా. ఏది బాగుండాది?" అని అడిగేవాడు. మా ఆడబిడ్డ పెళ్ళిలో వియ్యంకుడిని కూడా ఎక్కించాడు. ఆయన పట్టుపంచె పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఒక ముక్క మీది నుంచి ఇంకో ముక్క మీదికి గెంతుతుంటే మేము నవ్వలేక చచ్చాం.

మామ వాళ్ళబ్బాయి శ్రీసిటీలో పని చేస్తాడు. కొంచెం లోకం చూసినవాడు. వాడు మొదటి నుంచీ ఇంజనీర్డ్ వైపే.

"నాయనా, ఇదైతే బండలు పెరకబల్లేదు. రాయి మీద పల్చటి ఫోమ్ షీటేసి దాని మీదనే పరిచేస్తారు. నాలుగు దినాల పని. ఎండకూ వానకూ పెద్దగా ఉబ్బదు, కుంగదు. ఈ చలికాలమే అమ్మ కాలు కింద పెడతాది" అన్నాడు.

"పైన ఒకటి, లోపల ఇంకోటి. అదేం సరుకురా? నా బండని యాడ కోసినా లోపల గూడా అదే రాయి ఉంటాది" అన్నాడు మామ. "ఒకసారో రెండుసార్లో రుద్దితే దీని పైపొర పోతాది. అప్పుడు? అసలు కొయ్యయితే ఎన్ని తూర్లు రుద్దినా మళ్ళా కొత్తదే. నీ కొడుకు కాలానికి గూడా ఉంటాది."

"నా కొడుకు సంగతి నేను సూసుకుంటా నాయనా. నువ్వు అమ్మ కాళ్ళ సంగతి సూడు."

ఆ మాట వరకే తీసుకుంటే మామ చెప్పింది తప్పేమీ కాదు. సాలిడ్ కొయ్య ఆయన చెప్పినట్టే తరాలు ఉంటుంది. ఆ రోజు నేను కూడా మామనే సమర్థించాను. పైగా మామ తన పద్ధతిలో పరీక్ష కూడా పెట్టాడు. రెండు ముక్కలనూ పెరట్లో పెట్టి, రాళ్ళ మీద పోసినట్టే పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్ళు పోశాడు. కొన్నాళ్ళకు ఇంజనీర్డ్ ముక్క అంచులు పొరలు విచ్చుకుని లేచాయి. టేకు ముక్క నల్లబడింది గానీ కదల్లేదు. "మోగింది సూడు!" అని కేకేసి అందరికీ చూపించాడు.

"ఇంట్లో ఇట్ల చెంబుతో నీళ్ళు పోసేదెవురు నాయనా?" అని కొడుకు అడిగితే, "నేనే" అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి, నీకేది నచ్చింది అత్తా అని అడిగాను. అత్త పీట మీదనే నిలబడి ఉంది. "నేను నిలబడేది పైన గదా పాపా. లోపల ఏముంటే నాకేంది" అంది. అదే మాట మామకు చెప్పాను. "ఆయమ్మకేం తెలుసు" అని కొట్టిపారేశాడు.

సరే, సాలిడ్ అని తేలిపోయింది. అక్కడితో అయిపోయినా బాగుండేది. కానీ మామ రాళ్ళ మనిషి. ఒక హాల్లో ఒక దిమ్మె బండలే పరవాలన్నది ఆయన నెత్తురులో ఉంది. పలకలన్నీ ఒకే మానులోంచి రావాలని పట్టుబట్టాడు. రేణిగుంట దగ్గర టింబరు డిపో ఆయన తల పట్టుకున్నాడు.

"సామీ, మీ రాయంటే కొండ. కొండంత మాను నేను యాడ తెచ్చేది? ఒకే మాదిరి చారలుండేటివి ఏరి ఇస్తా, తీసుకోండి."

"ఏరినవి వద్దప్పా. ఒక మానువి కావాల."

ఆ మాను కోసం ఒక చలికాలం పోయింది. కొయ్య ఎక్కడ పరవాలో తగ్గించుకున్నాడు గానీ మాను సంగతి తగ్గలేదు. హాలూ వంటిల్లూ చాలన్నాడు. ఎట్టకేలకు సరిపడా లావున్న దుంగ దొరికింది. రంపం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని కోయించుకున్నాడు. సుద్దముక్కతో పలకల మీద వరసగా నంబర్లు వేశాడు. ఇంటి పక్క రేకుల షెడ్డులో, పలకకూ పలకకూ మధ్య చిన్న చిన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చాడు. పచ్చి కొయ్య పరిస్తే వంగిపోతుందట. ఆరాలట.

"ఒక వాన సూడాల, ఒక ఎండ సూడాల" అన్నాడు.

అత్త బట్టలు ఆరేసేది ఆ షెడ్డు ముందరే. అటు పోయినప్పుడల్లా, మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయల సంగతి అడిగినట్టు, "ఆరినాయా?" అని అడిగేది. మామ వేలు మడిచి ఒక పలకను కొట్టి, చెవి దగ్గర పెట్టి, "ఇంకా మోగలా" అనేవాడు. అత్త తడిబట్టల బుట్ట ఎత్తుకుని, పాదాల అంచుల మీద లోపలికి నడిచిపోయేది. నేను చిత్తూరు వెళ్ళినప్పుడల్లా ఇదే. వాళ్ళిద్దరికీ అది ఒక ఆట అయిపోయిందనుకునేదాన్ని.

ఒకసారి ఉండబట్టలేక అన్నాను. "మామా, అన్నీ ఆరేదాకా ఎందుకు? రెండు పలకలు తీసి పొయ్యి ముందర వెయ్యరాదా. వంగితే వంగుతాయి."

మామ నా వంక జాలిగా చూశాడు. "రెండు తీస్తే వరస చెడిపోతాది పాపా" అన్నాడు.

వాన చూశాడు. ఎండ చూశాడు. ఎండాకాలం చివర్లో ఒక రోజు ఫోను చేసి, "మోగినాయి పాపా, అన్నీ మోగినాయి!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. పక్కనుంచి అత్త గొంతు కూడా వినిపించింది, "పరిచినాక మోగితే సెప్పమను" అని. అయితే అంతలో తొలకరి పడింది. వానల్లో పరిస్తే తేమ పీల్చి ఉబ్బుతాయని, చిత్తూరు వానలు కార్తీకం దాకా ఉంటాయి గనక, అవి పోయాక వేద్దామని మామ నిర్ణయించాడు. ఇన్నాళ్ళు ఆగిందానికి ఇంకొన్నాళ్ళు ఎంతలే అని అందరం అనుకున్నాం.

ఆ వానల్లోనే అత్త పోయింది. కాళ్ళ వల్ల కాదు, గుండె. పొద్దున ఒంట్లో బాగాలేదంటే ఆసుపత్రికి తీసుకుపోయారు, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు.

నేను వెళ్ళేసరికి హాల్లో జనం. మంచం మీద నుంచి దించి నేల మీద పడుకోబెట్టాలని పెద్దవాళ్ళు చెబుతున్నారు. ఎవరో చాప తెస్తే, చాప వద్దు, ఒళ్ళు నేలకు తగలాల అన్నాడు వరసకు మామకు అన్న అయ్యే ముసలాయన. నలుగురూ పట్టుకుని ఆ నల్లరాయి మీదికి దించారు. వాన రోజు. రాయి మంచులా ఉంది. మామ గోడకానుకుని చూస్తున్నాడు. ఒక్కసారిగా, "ఆగండప్పా" అన్నాడు.

వంటింట్లోకి పోయి పీట తెచ్చాడు. అత్త కాళ్ళ దగ్గర కూలబడి, రెండు మడమలూ ఒక చేత్తో ఎత్తి, వాటి కిందికి పీట జరిపాడు. పాదాలు పీట మీద సరిగ్గా ఆనినాయా లేదా అని వంగి చూశాడు.

"అట్ల పెట్టకూడదబ్బా. నేల తగలాల" అన్నాడు ముసలాయన మెల్లగా.

"ఆయమ్మకు సలవ పడదన్నా" అన్నాడు మామ.

ఆ తర్వాత ఎవరూ ఆ పీట జోలికి పోలేదు. మా అమ్మ నా భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. నాకైతే మామ మీద కోపమే వచ్చింది, చెప్పలేనంత కోపం. ఆ పీట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆయన్ని చూశాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు చూస్తే పలకలు షెడ్డులో అట్లనే ఉన్నాయి. ఎప్పుడు పరిపిస్తావు మామా అని అడిగాను.

"ఎవురి కోసం?" అన్నాడు. తర్వాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఆ ప్లైవుడ్దే ఏసింటే ఏమయ్యేది పాపా? కొన్నేండ్లకు చెడిపోయేది. పోనీ. చెడిపోయేదాకా ఆయమ్మ దాని మీద నిలబడుండేది గదా."

ఆయన చెయ్యి కొట్టడం మానేసిందని నేను గమనించింది ఆ తర్వాతే. ఎండాకాలం మా ఇంటికి వస్తూ దారిలో పుచ్చకాయ తెచ్చాడు. కోస్తే తెల్లగా ఉంది. "కొట్టి సూడలేదా రా?" అని అమ్మ అడిగింది. "ఏదైతే ఏముందిలేక్కా" అన్నాడు. మా హాల్లో ఆ రెండు బ్లాకుల అతుకు మీది నుంచే నడిచి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన నా ఇంటి బండలను వెక్కిరించినన్నాళ్ళూ బాగున్నాడు.

ఆయనకూ కీళ్ళ నొప్పులు మొదలైతే, డాక్టరు చెప్పులు వేసుకోమన్నాడు. వేసుకోలేదు. చలికాలం పొద్దున్నే లేచి, అత్త నిలబడే చోట, పొయ్యి ముందర, ఉత్త కాళ్ళతో నిలబడి తన కాఫీ తాను కాచుకునేవాడని వాళ్ళ కోడలు చెప్పింది. పీట పక్కనే గోడకు ఆనించి ఉండేదట. దాని మీద కూర్చునేవాడూ కాదు, ఎక్కేవాడూ కాదు.

మామ పోయినప్పుడు ఆయన్నీ అదే హాల్లో దించారు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయి పీట తీసుకొచ్చింది. వాళ్ళబ్బాయి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"వద్దు. నాయన నాతో ముందే సెప్పినాడు. రాయి మీదనే పెట్టమన్నాడు. కాళ్ళ కింద ఏమీ పెట్టొద్దన్నాడు" అన్నాడు. కోడలు పీటను మళ్ళీ వంటింట్లో పెట్టి వచ్చింది.

కర్మాంతరాలయ్యాక వాడు నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి పలకల మీది టార్పాలిన్ పట్టా తొలగించాడు. సుద్దముక్క నంబర్లు ఇంకా చెరగలేదు. ఇన్ని వానలూ ఎండలూ చూసి ఒక్క పలక వంగలేదు, ఒక్కటి బీటలివ్వలేదు. వేలు మడిచి ఒక దాన్ని కొట్టాను. మామ చెప్పినట్టే గంటలాగా మోగింది. అది వినలేక బయటికి వచ్చేశాను.

"మేడం, ఏది రాసుకోమంటారు?" అని షోరూము అమ్మాయి మళ్ళీ అడిగింది. "నేనైతే సాలిడ్ చెప్తాను. మీ పిల్లల తరం దాకా చూసుకోనక్కర్లేదు. కాకపోతే మార్బుల్ తీయాలి, కొయ్య ఆర్డరు పెట్టి తెప్పించాలి, రెండు మూడు నెలలు పడుతుంది."

"ఇంజనీర్డ్ అయితే?"

"స్టాకుంది. వచ్చే ఆదివారానికి పరవడం అయిపోతుంది."

"అదే రాసుకో" అన్నాను.

"మీ మామ సూస్తే ఊరుకుంటాడా?" అంది అమ్మ. అని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, చెప్పులు విడిచి, ఆ ఇంజనీర్డ్ ముక్కను నేల మీద పెట్టమంది. నా భుజం పట్టుకుని దాని మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడింది. బిల్లు రాయడం అయిపోయింది. ఇక పోదామా అని అడిగాను. "ఉండు రవంతసేపు" అంది, దిగకుండా.